కొలవకుండా పోయొద్దు



పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే పెరిగిన మేమిద్దరం ఇప్పుడు ఫోరెన్సిక్ సైన్సులో ఎమ్మెస్సీ చదువుతున్నాం. మా రెండిళ్ళలోనూ డిగ్రీ చదివినవాళ్ళు మేమే మొదలు. "అది పోలీసు చదువా బిడ్డా?" అని మా అమ్మలు ఇప్పటికీ అడుగుతారు.

మొదటి ప్రాక్టికల్‌లోనే దెబ్బ తిన్నాం. పాత జీన్స్ గుడ్డ మీద ఎండిన రక్తపు మరక ఇచ్చారు. డీఎన్ఏ తీసి, అతినీలలోహిత కాంతితో కొలిచే యంత్రంలో పెడితే అంకె బాగానే వచ్చింది. సంబరంగా పీసీఆర్‌కు పెట్టాం. ఫలితం సున్నా! మళ్ళీ చేద్దామంటే మరక మిగల్లేదు. "నిజం కేసైతే ఏం చేసేవారమ్మా?" అన్నారు మేడం. తల దించుకున్నాం.

ఆ యంత్రం 260 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చే ప్రతిదాన్నీ లెక్కలో వేస్తుంది. మనిషిదా, బ్యాక్టీరియాదా అని చూడదు. అందుకే నేర పరిశోధనలో మనిషి డీఎన్ఏను మాత్రమే రియల్‌టైమ్ పీసీఆర్‌తో కొలుస్తారు. అందులో ప్రతి చుట్టుకూ డీఎన్ఏ దాదాపు రెట్టింపవుతుంది. వెలుగు ఎన్నో చుట్టులో గీత దాటిందో చూసి, ముందే కొలత తెలిసిన నమూనాలతో పోలుస్తారు. పది రెట్లు తక్కువుంటే సుమారు 3.3 చుట్లు ఆలస్యమవుతుంది. తోడుగా కలిపిన మరో డీఎన్ఏ కూడా సరిగ్గా పెరగకపోతే ఏదో అడ్డుపడుతోందని అర్థం. జీన్స్ నీలిరంగు, రక్తంలోని హీమ్ అలాంటివే.

ఒక మానవ కణంలో ఉండేది సుమారు 6.6 పికోగ్రాములు. పరీక్షకు మామూలుగా 0.5 నుంచి 1 నానోగ్రాము, అంటే 75 నుంచి 150 కణాలది సరిపోతుంది. తక్కువైతే కొన్ని గుర్తులు రాలిపోతాయి. ఎక్కువైతే లేని గుర్తులు కనిపిస్తాయి.

ఆ రోజు మన వంటమ్మ గుర్తొచ్చింది. రోజూ మమ్మల్ని లెక్కపెట్టాకే డబ్బాతో బియ్యం కొలిచి పోసేది. విసుక్కుంటే, "ఒక్క డబ్బా తప్పితే చివర కూర్చున్న పిల్లకు పస్తే" అనేది.

మా ఇద్దరిలో ఒకరి నాన్న చేయని దొంగతనానికి రెండు రోజులు స్టేషనులో కూర్చున్నాడు. ఎవరి నాన్నో చెప్పం. ఆయన కూడా ఆ చివరి పిల్లలాంటివాడే. రేపు మా చేతికొచ్చే మరక వెనుక అలాంటి మనిషి ఉండొచ్చు.

చెల్లెళ్ళారా, సైన్సు కష్టమని వదలకండి. ముందు కొలవడం నేర్చుకోండి. మిగతాది మెల్లగా వస్తుంది.

ఇట్లు,
మీ అక్కలం