ఉప్పు పండే ఊరు

పిల్లలూ! వరి పండే ఊళ్లు మీరు చాలా చూసి ఉంటారు. చెరకు పండే ఊళ్లూ, మిరప పండే ఊళ్లూ చూసి ఉంటారు. మరి ఉప్పు పండే ఊరు చూశారా?

విశాఖపట్నంలో హౌరా వైపు పోయే రైలు ఎక్కితే, శ్రీకాకుళం రోడ్డు దాటిన తరవాత, పలాస ఇంకా రాకముందు, నౌపడా అనే స్టేషను వస్తుంది. టెక్కలి దీనికి దగ్గర. ఇక్కడి నుంచే పర్లాకిమిడికి 1900లో చిన్న రైలుమార్గం వేశారు. ఆ మార్గం 1931లో గుణుపురం దాకా సాగింది. ఆ బుల్లి రైలు ఇప్పుడు లేదు. దాని స్థానంలో 2011 నుంచి పెద్ద పట్టాల మీద పెద్ద రైలే నడుస్తున్నది. కాని నౌపడా పేరు చెప్పగానే ఆ చుట్టుపక్కల వాళ్లకు రైలు కన్న ముందు ఉప్పే గుర్తుకు వస్తుంది.

సంక్రాంతి వెళ్లిన తరవాత అక్కడికి పోవాలి. ఊరు దాటగానే నేల అంతా గళ్లు గళ్లుగా, ఎవరో పెద్ద చాప పరిచినట్టుగా కనిపిస్తుంది. ఆ గళ్లే ఉప్పు మడులు. మడుల గట్ల మీద తెల్లటి ఉప్పు కుప్పలు. ఎండలో వాటివంక చూస్తే కళ్లు చెదురుతాయి. దూరాన సముద్రం, మధ్య ఉప్పుటేరు, చిత్తడినేలల్లో చేపలు పట్టుకునే కొంగలు. దగ్గరలోని తేలినీలాపురంలో గూడబాతులూ, రంగు కొంగలూ ఏటేటా వచ్చి చెట్లమీద గూళ్లు కట్టుకుంటాయి.

ఉప్పు పండించటంలో పెద్ద రహస్యం ఏమీ లేదు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు ఉప్పుటేటి గుండా పైకి వస్తుంది. ఆ నీటిని పెద్ద మడిలోకి పెట్టి నిలవ చేస్తారు. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో మనం తినే ఉప్పు 27 గ్రాముల దాకా ఉంటుంది. అంటే ఒక కిలో ఉప్పు కావాలంటే 40 లీటర్ల నీటిని ఎండ తాగేయాలన్నమాట! కట్టెలు పెట్టి కాస్తే ఎన్ని బళ్ల కట్టెలు కావాలి? ఆ పని అంతా సూర్యుడూ, గాలీ ఊరికే చేసిపెడతారు.

నీరు ఒక మడిలో కొంత చిక్కబడగానే రెండో మడిలోకి వదులుతారు. అక్కడ ఇంకా చిక్కబడుతుంది. అప్పుడు మూడో మడిలోకి. చివరి మడిలో నీరు ఇక ఉప్పును మోయలేని స్థితికి వస్తుంది. పైన మీగడలాగా సన్నటి తెట్టు కట్టి, అడుగున పలుకులు పేరుకుంటాయి. పొడుగాటి కర్రకు అడ్డంగా పలక బిగించిన పనిముట్టుతో ఆ పలుకులను గట్టుకు లాగుతారు. మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేస్తారు. చేదు ఎందుకంటే, అందులో మెగ్నీషియం లవణాలు మిగిలిపోతాయి. ఆ లవణం ఉప్పుకు కాస్త అంటుకుని ఉంటుంది గనకనే వానాకాలంలో మన ఇంటి కల్లుప్పు జాడీలో చెమ్మగిల్లుతుంది.

చెప్పటం తేలిక, చెయ్యటం కష్టం. తెల్లవారకముందే పనిలోకి దిగాలి. పొద్దెక్కితే పైన ఎండ, కింద తెల్లటి ఉప్పు మీద నుంచి తిరిగివచ్చే ఎండ. పాదాలు గంటల తరబడి ఉప్పునీళ్లలో ఉంటాయి. అరికాళ్లు పగిలితే ఆ పగుళ్లలోకి ఉప్పు పోతుంది. నడుము వంచి లాగటం, తట్ట నెత్తికెత్తటం, కుప్ప పొయ్యటం. ఇంతా చేసి, కుప్పను తాటాకులతోనో పట్టాలతోనో కప్పకముందే అకాలవర్షం పడిందా, పది రోజుల పంట పది నిమిషాలలో నీళ్లపాలవుతుంది. 

ఈ ఉప్పు మీదనే ఒకప్పుడు తెల్లదొరల ప్రభుత్వం పన్ను వేసింది, ఎవరి ఉప్పు వాళ్లు వండుకోకూడదన్నది. 1930 ఏప్రిల్ 6వ తేదీన గాంధీజీ దండి తీరాన పిడికెడు ఉప్పు తీసి ఆ చట్టాన్ని ధిక్కరించాడు. ఆ సంవత్సరమే మన ఆంధ్ర తీరం పొడుగునా జనం ఉప్పు వండి జైళ్లకు వెళ్లారు. ఇంత పలుకు వెనక అంత కథ ఉన్నది.

నేను వెళ్లిన రోజున మధ్యాహ్నం పని ఆగింది. గట్టు పక్క పాకలో ఒక ముసలమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద పాత ఇనప మూకుడు పెట్టి ఏదో వేయిస్తున్నది. చిటపటమని శబ్దం. చూస్తే ఉప్పు! దానిని పళ్లెంలోకి వంచి, కాసేపు ఆరనిచ్చి, పాత నూలుచీర ముక్కలో మూట కట్టి, మోకాలి మీద మెల్లిగా అద్దుకుంటున్నది.

నేను వింతగా చూడటం గమనించి ఆమె నవ్వింది.

"ఏటి బాబూ, అలా చూత్తన్నావు? ఉప్పు లాగితే వచ్చిన నొప్పి ఇది. ఉప్పుతోనే పోవాల," అన్నది.

"రోజూ కాపుకుంటావా, అవ్వా?" అన్నాను.

"నొప్పున్న రోజు కాపుతాను. కాని బాబూ, ఇది మంచిదీ, చెడ్డదీ కూడా," అంటూ ఆమె ఒక సంగతి చెప్పింది. ఆమె పెనిమిటికి చక్కెర జబ్బు ఉండేదిట. పాదాలు తిమ్మిరెక్కి స్పర్శ పోయింది. ఒక రాత్రి అరికాళ్లు లాగుతున్నాయంటే ఆమె మూట కట్టి ఇచ్చింది. ఆయన, "ఇది చల్లగున్నాదే, ఇంకా వేడి చెయ్యి," అంటూ పోయాడు. ఆమె చేస్తూ పోయింది. తెల్లవారి చూస్తే పాదం నిండా బొబ్బలు! ఆ పుండు మానటానికి ఆరు నెలలు పట్టింది. ఆయనకు మూట చల్లగా అనిపించిందే గాని, అది చల్లగా లేదు.

ఆమె చదువుకోలేదు. అయినా ఆమె చెప్పిన దానిలో పెద్ద శాస్త్రమే ఉన్నది. చూడండి.

కాపడం పెడితే నొప్పి ఎందుకు తగ్గుతుంది? వెచ్చదనం తగిలినచోట సన్నటి రక్తనాళాలు విప్పారతాయి. రక్తం ఎక్కువగా ప్రవహిస్తుంది. బిగిసిపోయిన కండరం సడలుతుంది. ఇది కాక ఇంకొకటి ఉన్నది. మన చర్మంలో వేడిని కనిపెట్టే నరాలు ఉన్నాయి. అవి "వెచ్చగా ఉన్నది" అనే కబురు మెదడుకు పంపుతాయి. ఆ కబురు వెళుతూ ఉండగా నొప్పి కబురు కొంత మరుగున పడుతుంది. దెబ్బ తగిలినచోట మనం చేత్తో రుద్దుకోవటం కూడా ఇందుకే. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని గురించి ఒక సిద్ధాంతం చెప్పారు. వెన్నుపాములో ఒక ద్వారం లాంటిది ఉండి, అది కొన్ని కబుర్లను పోనిచ్చి కొన్నిటిని ఆపుతుందని వారి ఊహ.

మరీ వేడిని నరం ఎలా కనిపెడుతుంది? డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని దేనితో కనిపెట్టాడో తెలుసునా? మిరపకాయతో! మిరపకాయలోని కారపు పదార్థం నరాలమీద ఒక ప్రత్యేకమైన తలుపును తెరుస్తుందని ఆయన బృందం 1997లో తేల్చింది. అదే తలుపు సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి కూడా తెరుచుకుంటుంది. మనం కారం తిని "మంట! మంట!" అనటం ఉత్త మాట కాదన్నమాట. వేడినీ, స్పర్శనూ శరీరం ఎలా గుర్తిస్తుందో కనిపెట్టినందుకు జూలియస్‌కూ, పటపూటియన్ అనే మరొక శాస్త్రజ్ఞుడికీ 2021లో నోబెల్ బహుమానం వచ్చింది. చక్కెర జబ్బు ముదిరి ఈ నరాలే దెబ్బ తింటే, కబురు మోసే మనిషి లేనట్టే. కాలుతున్నా తెలియదు. ముసలమ్మ పెనిమిటికి జరిగింది ఇదే.

ఇక ఉప్పు చిటపటలాడటం ఎందుకు? కల్లుప్పు పలుకులు పేరుకునేటప్పుడు వాటి కడుపులో కాస్త ఉప్పునీరు చిక్కుకుపోతుంది. పొయ్యి మీద ఆ నీరు ఆవిరి అయి, దారి లేక, పలుకును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అప్పుడు పలుకు ఎగిరి కంట్లో పడగలదు. అందుచేత మూకుడు మీదికి వంగి చూడకూడదు.

ఉప్పులో మరొక మాయ ఉన్నది. నీటిని ఎంత కాచినా మరిగేటప్పుడు 100 డిగ్రీల దగ్గిర నిలిచిపోతుంది. బియ్యం మాడితే రంగు మారి, వాసన వేసి, "ఇక చాలు" అని చెబుతుంది. ఉప్పు అలా కాదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించే మంటలో ఐదోవంతు చాలు, కిలో ఉప్పును ఒక డిగ్రీ వేడెక్కించటానికి. అది కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. అందుచేత 200 డిగ్రీలు దాటినా ఉప్పు తెల్లగా, అమాయకంగా అలాగే ఉంటుంది! చూపుతో దాని వేడిని తెలుసుకోలేము.

మూట చేసే విధం

ఇది ఇంట్లో అమ్మగాని నాన్నగాని చెయ్యవలసిన పని. పిల్లలు పొయ్యి దగ్గిరికి పోకుండా గుడ్డ కుట్టటం, మూట కట్టటం నేర్చుకోవచ్చు.

మందపాటి నూలుగుడ్డతో జానెడు వెడల్పు, జానెడున్నర పొడుగు సంచీ కుట్టాలి. నైలాను, పాలియెస్టరు గుడ్డలు పనికిరావు. వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. కొంచెం నలగగొట్టిన కల్లుప్పు అరకిలో తీసుకోవాలి. నలగగొడితే చిటపట తగ్గుతుంది. పొడి మూకుడులో సన్నటి సెగ మీద, కలుపుతూ, నాలుగైదు నిమిషాలు వేడి చెయ్యాలి. వెంటనే సంచీలో పొయ్యకూడదు. పళ్లెంలో పరిచి, బాగా కలిపి, చెయ్యి పెట్టగలిగినంత ఆరిన తరవాతనే పొయ్యాలి. సంచీని నిండా నింపకుండా మూడోవంతు ఖాళీ ఉంచితే అది మోకాలి చుట్టూ, మెడ చుట్టూ చక్కగా ఒదుగుతుంది.

మూటను ముందు పెద్దవాళ్లు తమ మోచేతి లోపలివైపున ఆనించి చూడాలి. "హాయిగా ఉన్నది" అనిపిస్తే సరే. "ఓర్చుకోవచ్చు" అనిపిస్తే అది ఎక్కువ వేడి. చర్మానికీ మూటకూ మధ్య ఒక తువ్వాలు మడత ఉండాలి. పది, పదిహేను నిమిషాలు చాలు. మధ్యలో తీసి చర్మం చూడాలి. మూట పెట్టుకుని నిద్రపోకూడదు. పని అయినాక ఉప్పును బిగువైన మూత గల గాజుసీసాలో పోసుకుంటే మళ్లీ వాడవచ్చు. మూకుడును వెంటనే కడిగి తుడవకపోతే తుప్పు పడుతుంది.

ఏ నొప్పికి పెట్టవచ్చు? పనిచేసి పట్టేసిన నడుముకు, మెడకు, ముసలివారి మోకాళ్ల బిగువుకు. ఏ నొప్పికి పెట్టరాదు? ఇది బాగా గుర్తు పెట్టుకోండి. అప్పుడే బెణికి వాచినదానికి కాపడం పెట్టకూడదు. రెండు రోజులపాటు చల్లటి గుడ్డే మంచిది. పుండు మీద, ఎర్రగా వాచి జ్వరం వచ్చిన చోట పెట్టకూడదు. కారణం తెలియని కడుపునొప్పికి అసలే పెట్టకూడదు, వైద్యుడి దగ్గిరికి పోవాలి. పసిపిల్లలకూ, స్పర్శ తెలియనివారికీ ఈ మూట పనికిరాదు. కాపడం నొప్పిని తగ్గిస్తుంది గాని జబ్బును నయం చెయ్యదు. నొప్పి నాలుగు రోజులకూ తగ్గకపోతే మూట పక్కన పెట్టి వైద్యుడికి చూపించాలి.

ఎవరి నేల ఏది ఇస్తే వారు దానితోనే కాపుకుంటారు. వరి పండేచోట తవుడు, మెట్టసీమలో ఉలవలు, ఏటి ఒడ్డున ఇసుక. స్విట్జర్లండులో చెర్రీపండ్ల గింజలను కడిగి ఎండబెట్టి సంచుల్లో పోసుకుంటారు. నౌపడాలో ఉప్పు.

మీ ఇంట్లో కూడా ఉప్పు పండించి చూడండి. ఒక గ్లాసు నీళ్లలో మూడు చెంచాల ఉప్పు కరిగించి, వెడల్పాటి పింగాణీ పళ్లెంలో పోసి, ఎండ తగిలేచోట ఉంచండి. నీరు ఎన్ని రోజుల్లో ఇంకిపోయిందో రోజూ రాసుకోండి. మరొక గ్లాసు ఉప్పునీటిని అలాగే గ్లాసులోనే పక్కన ఉంచి, రెంటినీ పోల్చండి. మడులను అంత వెడల్పుగా, అంత లోతు తక్కువగా ఎందుకు చేస్తారో మీకే తెలుస్తుంది. పళ్లెం ఆరుబయట ఉండగా వాన పడితే మాత్రం పరుగెత్తండి. ఉప్పు మడుల వాళ్లు ఎంత పరుగెత్తుతారో అప్పుడు తెలుస్తుంది.