బండి వెనుక బరువు

ఏటా బళ్ళారి నుంచి శ్రీశైలం వెళ్తాం. మాది ఫోర్ వీల్ డ్రైవ్ బొలేరో. ఏడుగురం ఎక్కి, టాప్‌పై మూటలు కట్టేసరికి వెనుక భాగం కుంగి, ముందు దీపాల వెలుగు ఎదుటివారి కళ్ళలో పడేది.

వెనుక కమాన్ కట్టలకు ఒక్కో పట్టీ చేర్చుదామన్నాడు మెకానిక్. అప్పుడు బండి కుంగదు. కానీ అమ్మ ఒక్కతినే ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజున ఖాళీ బండి ఎగిరెగిరి పడితే ఆమె నడుము ఓర్చుకోలేదు. అందుకని బరువు పడ్డప్పుడే పనిచేసే హెల్పర్ పట్టీలు వేయించాను.

అయినా పట్టీలతో బ్రేకులకు, టైర్లకు, ఇరుసుకు బలం పెరగదు గదా! ఓవర్‌డ్రాఫ్టు పరిమితి పెంచినంత మాత్రాన ఖాతాదారు రాబడి పెరుగుతుందా? దోర్నాల ఘాట్‌లో బండిని ఆపవలసింది బ్రేకులే. కనుక కంపెనీ పుస్తకంలో రాసిన గరిష్ఠ బరువే మాకు హద్దు. మనుషులం అందరం వెళ్తున్నాం, మూటలే తగ్గాయి.