ద్రాక్షతోటల సీమలో దీపావళి

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 101 నంబరు రహదారి పట్టుకుని ఉత్తరంగా సుమారు అరవై మైళ్ళు పోతే విండ్సర్ అనే ఊరు వస్తుంది. పేరు ఇంగ్లండు రాజభవనానిదే గాని, ఊరిలో ఆ ఆర్భాటమేమీ లేదు. పాతికవేల పైచిలుకు జనం, చుట్టూ సొనోమా జిల్లా ద్రాక్షతోటలు, వాటి వెనుక కొండలు. దగ్గరలోనే రష్యన్ నది పారుతూ పోయి పడమటి సముద్రంలో కలుస్తుంది. 1812లో రష్యావారు ఆ తీరాన రాస్ కోట కట్టుకుని 1841 దాకా ఉన్నారు. ఆ నదికి ఆ పేరు వారి మూలంగా వచ్చిందే.

ఆ ఊళ్ళో మా అక్కయ్య, బావగారు ఉంటున్నారు. బావగారు ఇంజనీరు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అక్కయ్యకు మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేసి అప్పటికి ఏడాది దాటింది. 2019 అక్టోబరు మొదట్లో, ఆమెను చూసి రావాలని నేను బెజవాడ నుంచి బయలుదేరి వెళ్ళాను.

మంగళ, గురు, శనివారాలు ఆమెకు డయాలిసిస్. పదిమైళ్ళ దూరంలో ఉన్న శాంటారోజా పోవాలి. చేతికి రెండు సూదులు గుచ్చి, నాలుగు గంటలసేపు రక్తాన్ని యంత్రంలో తిప్పి శుభ్రం చేసి మళ్ళీ ఒంట్లోకి పంపుతారు. ఒక్క పూటకు నూట ఇరవై లీటర్ల శుద్ధమైన నీరు కావాలిట! సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలోని ధమనినీ సిరనూ ఆపరేషను చేసి కలిపారు. అక్కడ వేలు పెట్టి చూస్తే తుమ్మెద రొద చేస్తున్నట్టు గరగరమంటుంది. "ఇది మోగుతున్నంతకాలం నేనున్నట్టేరా" అనేది అక్కయ్య నవ్వుతూ.

ఆ ప్రాంతంలో మనకులాగా వేసవి వెనుకనే వానాకాలం రాదు. వానలన్నీ చలికాలంలోనే. అక్టోబరు నాటికి కొండల మీది గడ్డి ఎండి బంగారు రంగు తేలుతుంది. చూడడానికి ముచ్చటే గాని, నిప్పురవ్వ పడితే చాలు. దానికి తోడు తూర్పు నుంచి పొడిగాలి దిగుతుంది. దానిని 'డియాబ్లో' గాలి అంటారు. స్పానిష్ భాషలో దయ్యమన్నమాట! 2017 అక్టోబరులో ఆ గాలికే టబ్స్ కార్చిచ్చు ఒక్క రాత్రిలో కొండలు దాటి వచ్చి శాంటారోజాలో వేలకొద్దీ ఇళ్ళను బూడిద చేసింది. 22 మంది పోయారు. అందుచేత పొగ వాసన వస్తే చాలు, ఆ ప్రాంతంవారికి గుండె ఝల్లుమంటుంది.

నేను వెళ్ళాక అక్టోబరు 23 బుధవారం రాత్రి నిప్పు పుట్టింది. భూగర్భంలోని ఆవిరితో కరెంటు తీసే 'గీజర్స్' అనే కొండప్రాంతం దగ్గర మొదలయింది. దానికి కింకేడ్ కార్చిచ్చు అని పేరు పెట్టారు. పెరట్లో నిలబడి చూస్తే ఈశాన్యాన ఆకాశం కుంకుమ రంగులో ఉంది. మరునాడు గురువారం డయాలిసిస్ మామూలుగానే జరిగింది. శుక్రవారంనాడు బావగారు మాటా పలుకూ లేకుండా పెట్టెలు సర్దారు. అక్కయ్య మందులు, డయాలిసిస్ కాగితాలు, పాస్‌పోర్టులు, దేవుడి మందిరంలోని విగ్రహాలు, మా అమ్మా నాన్నల ఫోటో.

శనివారం పొద్దున్న ఊరు ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. అదే గంటలో డయాలిసిస్ కేంద్రం నర్సు టెలిఫోను చేసింది. ఆ పూట కేంద్రం తెరవడం లేదట. అక్కడి ఉద్యోగులూ ఇళ్ళు వదలవలసినవారే. గాలికి తీగెలు తెగి నిప్పు పుట్టకుండా ఆ సాయంత్రం నుంచి జిల్లాలో కరెంటు కూడా ఆపేస్తున్నారు. యంత్రానికి నీరూ కరెంటూ లేకపోతే ఎలాగ?

ఆ నర్సు చెప్పిన జాగ్రత్తలు కాగితం మీద రాసుకున్నాను. నీళ్ళు రోజుకు రెండు గ్లాసులు మించకూడదు. అరటిపండు, టమాటో, బంగాళాదుంప, కొబ్బరి తగలకూడదు. వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. ఉప్పు తగ్గించాలి. ఊపిరి ఆడకపోతే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఫ్రీమాంట్‌లో మా మేనకోడలు ఉంది. అక్కడికి బయలుదేరాము. దారి పొడుగునా కార్లే. లక్షా ఎనభైవేలమందికి పైగా జనం ఇళ్ళు వదిలారని తరువాత తెలిసింది. అయినా హారన్లు మోగలేదు, ఒకరినొకరు తోసుకోలేదు. మాకు ఎదురుగా అగ్నిమాపక బండ్లు వరసగా మేము వదిలివచ్చిన ఊరివైపే పోతున్నాయి. వాటిని చూసి అక్కయ్య చేతులు జోడించింది.

మరునాడు ఆదివారం, అక్టోబరు 27. దీపావళి! ఆ తెల్లవారుజామున గాలి చెలరేగింది. విండ్సర్ అంచున అగ్నిమాపకులు నిప్పుకు ఎదురు నిలిచారని వార్తలు. మా కళ్ళు ఒకసారి టెలివిజను మీద, ఒకసారి అక్కయ్య మొహం మీద. మొహం ఉబ్బింది, కాళ్ళు బరువెక్కాయి. దాహానికి నాలుక పిడచగట్టుకుపోతుంటే మంచుముక్క ఒకటి చప్పరిస్తూ కూర్చుంది. మేనకోడలు పండుగ వంటలేవీ పెట్టుకోలేదు. తల్లికి తెల్లన్నం, ఉడికించి నీళ్ళు వంపేసిన క్యాబేజీ, రెండు ఆపిలు ముక్కలు.

చీకటిపడింది. "ఇవాళ ఇక దీపాలు వద్దులే అమ్మా" అన్నది మేనకోడలు. నిప్పు పేరెత్తడానికే అందరికీ భయంగా ఉంది.

"అదేమిటే! కొండ తగలబడితే దీపం ఏం చేసింది? వంటింట్లో ఒక్కటి పెట్టు" అన్నది అక్కయ్య.

ఒక్క ప్రమిద వెలిగించాము. బావగారు ఆ పక్కనే కుర్చీ వేసుకుని రాత్రంతా అక్కయ్య ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నారు. "బావగారూ, మీరు కాసేపు నడుం వాల్చండి, నేను చూస్తాను" అంటే, "ఇల్లు పోతే కట్టుకోవచ్చు, నువ్వు పడుకో" అన్నారు. అంతకన్నా మాట్లాడలేదు.

సోమవారం పొద్దున్నే టెలిఫోనులు మొదలుపెట్టాము. మూడోచోట ఒప్పుకున్నారు. మధ్యాహ్నం ఒక కుర్చీ ఖాళీ అవుతుంది, కాగితాలు తీసుకురండి అన్నారు. బావగారు పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టిన కాగితాలు అవే. నాలుగు గంటల తరువాత అక్కయ్య బయటికి వచ్చి, "ఆకలేస్తోందిరా" అన్నది. ఆ మాట విని బావగారు గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

విండ్సర్ దక్కింది. కింకేడ్ కార్చిచ్చు 77 వేల ఎకరాలకు పైగా కాల్చి, నవంబరు 6కు పూర్తిగా అదుపులోకి వచ్చింది. 374 కట్టడాలు పోయాయి గాని, ఒక్క ప్రాణమూ పోలేదు. కరెంటు తీగెలే కారణమని 2020 జూలైలో ప్రభుత్వ విచారణలో తేలింది. మేము తిరిగి వచ్చేసరికి ఇల్లు చెక్కుచెదరకుండా ఉంది. తులసికోట మీద మాత్రం వేలెడు మందాన బూడిద. ఫ్రిజ్‌లోని సరుకంతా పారపోశాము.

నా ప్రయాణానికి ముందు అక్కయ్య నన్ను శాంటారోజాలోని లూథర్ బర్బాంక్ తోట చూపించడానికి తీసుకుపోయింది. ఆయన మొక్కలను సంకరం చేసి కొత్తరకాలు పుట్టించడంలో అఖండుడు, 1926లో పోయాడు. పరమహంస యోగానంద తన ఆత్మకథను ఆయన స్మృతికే అంకితమిచ్చారు. బర్బాంక్ ఏళ్ళతరబడి శ్రమించి ముళ్ళులేని నాగజెముడును కూడా సాధించాడు. అక్కయ్య దాని ఎదుట చాలాసేపు నిలబడింది. మెల్లగా చెయ్యి చాచి, ఆ నున్నని ఆకును నిమిరింది.

"చూశావురా, ముళ్ళు తీసేశాడు. మహానుభావుడు ఇంకో వందేళ్ళు బతికి ఉంటే సూదుల సంగతి కూడా చూసేవాడు!" అన్నది.

బావగారు గడియారం చూసి, రేపు మంగళవారమని గుర్తుచేశారు.