నలువదియెనిమిది అంకెలు

రాయపూరు నగరమున తెలీబంధా చెరువునకు సమీపమున మా కుటుంబము చిరకాలముగ నివసించుచున్నది. ఆ చెరువుగట్టును నగరవాసులు నేడు మెరైన్ డ్రైవ్ అని పిలుచుచున్నారు. మా తండ్రిగారు మాత్రము కడవరకు చెరువనియే పిలిచిరి. ఆయన రైల్వేలో సరకుల గుమాస్తాగా పనిచేసిరి. 1931లో పార్వతీపురము నుండి రాయపూరునకు రైలుమార్గము పూర్తియైన పిమ్మట ఆ దారిని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. మా తాత యేల యిల్లు విడిచెనో, ఇచ్చట తొలియేండ్లు ఎట్లు గడపెనో మా తండ్రిగారికి మాత్రమే తెలియును. ఆయన తుది రెండేండ్లలో ప్రతి ఆదివారము ఎదుట కూర్చుండి ఆ మాటలను ధ్వనిముద్రణము చేసితిని. అవియన్నియు నా కంప్యూటరులోని సాలిడ్ స్టేట్ డ్రైవ్‌లో నుండెను. వేరొక ప్రతి రేపు తీయవచ్చుననుకొంటిని. ఆ రేపు రాకమునుపే ఆయన గతించిరి. ఏడాది తిరుగకమునుపే ఆ డ్రైవ్ చెడసాగెను.

పాత హార్డ్ డిస్కు చెడుటకు ముందు తరచుగ చప్పుడుచేసి హెచ్చరించెడిది. దీనిలో తిరుగు చక్రము లేదు. తొషీబా సంస్థలో ఫుజియో మసుఓకా 1980ల దశకమున రూపొందించిన ఫ్లాష్ స్మృతి దీనికి మూలము. అతిసూక్ష్మమైన గదులలో విద్యుత్కణములను బంధించి దాచును. చెరిపి వ్రాసిన ప్రతిసారియు గది గోడ కొంత క్షీణించును. ఆ క్షీణత చెవికి వినబడదు. ఒకనాడు నా కంప్యూటరు నడుమ నిలిచిపోయెను. మరునాడు డ్రైవ్ కనబడలేదు. మూడవనాడు మరల కనబడెను.

యంత్రములు బాగుచేయు నొక యువకుని యొద్దకు దానిని తీసికొనిపోయితిని. “బాబూజీ, దీనిని మాటిమాటికి తెరవవద్దు. రోగిని పరుగెత్తించి నాడి చూతుమా?” అని అతడు మందలించెను. బాగుచేయుట తరువాత, నకలు ముందు అని అతని సిద్ధాంతము. డీడీరెస్క్యూ అను సాధనము చదువుటకు వీలైన భాగములను మొదట నకలుచేసి, మొరాయించిన వానిని విడిచి, చివరకు వానియొద్దకు ఓపికతో మరలివచ్చును. ఎంతవరకు వచ్చెనో పట్టికలో వ్రాసికొనును గనుక నడుమ ఆగినను పని వృథాకాదు. రెండు రాత్రులు గడచునప్పటికి కొద్ది భాగము తప్ప తక్కినదంతయు నకలులోనికి వచ్చెను.

అయినను నాకు దక్కినది గూఢలిపి మాత్రమే. దొంగకు భయపడి బిట్‌లాకర్ అను తాళమును నేనే వేసియుంటిని. దాని రహస్యము కంప్యూటరులోని వేరొక చిన్న చిప్పు కాపాడుచుండును. నకలును మరియొక యంత్రమున తెరువబోగా 48 అంకెలు చెప్పుమనెను. పాత యంత్రమున అమర్చినను, మార్పును శంకించి, ఆ అంకెలనే యడిగెను. వానిని ఊహించి కనుగొనుట ఎంతటి యంత్రమునకును సాధ్యము కాదు. తాళమునకు దొంగయు కొడుకును ఒక్కటే. అది చెవిని మాత్రమే యెరుగును.

అప్పుడు మా తండ్రిగారి పాలలెక్కల పుస్తకము జ్ఞప్తికి వచ్చెను. తాళము వేసిననాడు నేను అంకెలు చదువగా ఆయన దాని చివరిపుటలో వ్రాసిరి. మరెచ్చటను నేను దాచలేదు. వ్రాసిన అంకెను మరల చదివి వినిపింపవలెనని ఆయన ఉద్యోగకాలపు అలవాటు. ఆరేసి అంకెల ఎనిమిది వరుసలు. ప్రతి వరుసప్రక్కను చదివి సరిచూచిన గుర్తు. కాని తేమకు ఒక వరుసలో నాలుగవ అంకె చెదిరిపోయెను: 417, ఒక మరక, 58.

నేను నిరాశపడుచుండగా ఆ యువకుడు నవ్వెను. ఈ తాళములో ఆరంకెల ప్రతి సంఖ్యయు 11 చేత నిశ్శేషముగ భాగింపబడునట. ఒకటి విడిచి యొకటిగా 4, 7, 5 కలిపిన 16. తక్కిన 1, 8 కలిపిన 9. మరక క్రింది అంకె 7 కాక తప్పదు. 417758 అనగా 37978కి పదునొకండు రెట్లు. మేమిరువురము కాగితముమీద రెండుమారులు భాగించి చూచితిమి. తాళము తెరచుకొనెను.

మా తండ్రిగారు దగ్గి, “వినబడుచున్నదిరా?” అని యడుగుట మొదట వింటిని. రెండు ఆదివారముల మాటలలో నడుమ నడుమ నిశ్శబ్దమున్నది; చదువరాని భాగములు అవి. చిన్నచిన్న ముక్కలుగ తాళము పడుటచేత, చెడిన ముక్క ప్రక్కదానిని చెరుపలేదు. పోయిన ఆ మాటలను చెప్పగలవారు ఇక లేరు.

ఇప్పుడు మూడు ప్రతులు చేసితిని; ఒకటి విజయనగరమున మా చెల్లెలియింట నున్నది. క్రొత్త తాళపు అంకెలను నేను చదువగా మా అమ్మాయి కాగితమున వ్రాసినది. వ్రాసి లేవబోవుచుండగా కూర్చుండుమని, మరల చదివి వినిపింపుమంటిని. ప్రతి వరుసప్రక్కను ఆమెచేతనే గుర్తు పెట్టించితిని.