జీతం లేని పని

పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే మీలో చాలామంది "సాఫ్ట్‌వేరు ఇంజనీరు" అంటారు. మా నర్సీపట్నంలో తల్లిదండ్రుల కోరికా అదే. అయితే నన్ను అందరూ అడిగేది జీతం సంగతే! ఇంజనీరు ఆఫీసులో వ్రాసే ప్రోగ్రాము యజమానిది. తీరికవేళ తనకు తోచి వ్రాసుకున్నది సాధారణంగా తనది. అటువంటి పని ఒకటి చెబుతాను, వినండి.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. 1991లో వచ్చిన యూనికోడ్ అనే పద్ధతి తెలుగు అక్షరాలకు తలా ఒక సంఖ్య ఇచ్చింది. 'అ' 3077, 'మ' 3118, పొల్లు 3149. 'అమ్మ' అంటే 3077, 3118, 3149, 3118 అన్నమాట! సంఖ్యలున్నాయి గాని, మీటల మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలాయె. అందుచేత ఎందరో తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలోనే వ్రాసేవారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ అనేవారు ఒక ఉపాయం కల్పించారు. చిన్న 'టీ' నొక్కితే 'త', పెద్ద 'టీ' నొక్కితే 'ట'. 'ఎల్' కూడా అంతే: చిన్నది 'ల', పెద్దది 'ళ'. తరువాత వెన్న నాగార్జున 'పద్మ' అనే ప్రోగ్రాము వ్రాశారు. 2006లో, వీవెన్ అనే పేరుతో వ్రాసే ఇంజనీరు ఆ పద్మను ఆధారం చేసుకుని 'లేఖిని'ని తయారుచేశారు. పై గడిలో ఇంగ్లీషు అక్షరాలు కొడుతూంటే కింది గడిలో చక్కని తెలుగు ప్రత్యక్షమవుతుంది. దానికి వెల పెట్టలేదు.

'క' సంఖ్య 3093. మరి 'అక్క'కు ఏ సంఖ్యలు ఏ వరుసలో వస్తాయో చెప్పండి చూద్దాం!