తలకోన వెడుతున్నారా?

నాలుగు రోజులు సెలవులు కలిసొస్తే చాలు, మన ఇళ్లల్లో ప్రయాణం మాట మొదలవుతుంది. తిరుపతిలో దర్శనం అయిపోయి ఒకరోజు మిగిలిందనుకోండి, "తలకోన చూసొద్దాం నాన్నా!" అంటారు పిల్లలు. తప్పకుండా తీసుకెళ్లండి. కుర్చీలో కూచుని కూచుని నడుం పట్టేసి నా దగ్గరికొచ్చే ఉద్యోగస్తులకు, మందుచీటీ మీద 'తలకోన, ఏడాదికి ఒకమాటు' అని రాసిస్తే బాగుండునని నాకెన్నోసార్లు అనిపించింది. అయితే ఏ మందుకైనా వాడే పద్ధతంటూ ఒకటుంటుంది గదా! ఆ సంగతే ఈ వారం మీకు చెబుతాను.

తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా వెడితే సుమారు 60 కిలోమీటర్లు. ఒకప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. నెరబైలు దాటాక గాలి మారుతుంది. ఆ తేడా మీ ఒంటికే తెలుస్తుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు. 1989లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర జాతీయ వనంలో ఉంది తలకోన. తల అంటే మొదలు, కోన అంటే కొండల నడిమి లోయ. శేషాచలం కొండలు ఇక్కడే మొదలవుతాయని ఆ ఊళ్లవాళ్లు చెబుతారు. సిద్ధేశ్వరస్వామి గుడి దాకా బండి వెడుతుంది. అక్కణ్ణుంచి కాలినడక. దారి పొడుగునా రాళ్లు, చెట్ల వేళ్లు, మనిషి తొడంత లావున కొమ్మ నుంచి కొమ్మకు పాకిన గిల్లతీగలు. ఆ తీగకు కాసే కాయ మూరెడు పైన పొడుగుంటుంది. పిల్లలకు చూపించండి, కోయనివ్వకండి. ఎర్రచందనం చెట్లున్న అడవి గనక అటవీశాఖవారి కన్ను ఎప్పుడూ ఉంటుంది.

నడిచి నడిచి, ఇంకెంత దూరమని విసుగు పుట్టే సమయానికి నీళ్ల హోరు వినపడుతుంది. సుమారు 270 అడుగుల ఎత్తునుంచి, నిట్టనిలువు రాతిగోడ మీంచి పడే నీరు. ఎండాకాలంలో సన్నబడిపోతుంది. చూడాలంటే వానలు వెనకబట్టాక, నవంబరు చివర్నుంచి జనవరి దాకా మంచి కాలం. ఆ తుంపర మొహాన పడుతుంటే రక్తపోటు మందులు మింగే నాబోటివాడు కూడా కాసేపు వయసు మర్చిపోతాడు.

అక్కడ మీకు ఎవరో ఒకరు చెబుతారు, "ఇవి మూలికల నీళ్లండీ, తాగితే సర్వరోగాలూ పోతాయి" అని. స్నానం చెయ్యండి, హాయిగా చెయ్యండి. తాగడానికి మాత్రం ఇంటినుంచి కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చుకోండి. పైన కోతులున్నాయి, పశువులు తిరుగుతాయి, మీకన్నా ముందొచ్చిన నూరుమంది అందులోనే మునిగారు. మూలికలు దిగే నీళ్లలోకి ఇవన్నీ దిగవా? నీళ్లు తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రమైనవి కావు. టైఫాయిడు, కామెర్లు తెచ్చే క్రిములు కంటికి కనపడవు.

మడుగులోకి తలకిందులుగా దూకే కుర్రాళ్లను ఆపండి. నీటి అడుగున రాయి ఎంత లోతున ఉందో పైనుంచి తెలీదు. మెడ ఎముక విరిగితే కాళ్లూ చేతులూ జన్మంతా పడిపోతాయి. నాచుపట్టిన రాయిమీద నిలబడి ఫోటోలు దిగడం కూడా అంతే. పైన కొండల్లో వాన కురుస్తుంటే కింద ఎండ కాస్తున్నా సరే, మడుగులోంచి బయటికొచ్చెయ్యండి. 2021 నవంబరులో తిరుపతి, కడప ప్రాంతాల్లో ఆ వానకు వాగులెట్లా పొంగాయో చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు.

ఇహ రాత్రి సంగతి. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

తలకోనలో రాత్రి ఉండటానికి అటవీశాఖవారి వసతి ఉంది. ముందుగా ఏర్పాటు చేసుకుని వెళ్లండి. అడవిలో తోచినచోట గుడారం వేసుకోవడానికి వీల్లేదు. "చిరుతలొస్తాయా డాక్టరుగారూ?" అని అడుగుతారు నన్ను. చిరుత మాట దేవుడెరుగు, మీరు ఎక్కడ పడుకుంటున్నారని నేనడుగుతాను. "జంపఖానా పరుచుకుని అందరం కింద పడుకుంటాం, సరదాగా ఉంటుంది" అంటారు. నాకు గుండె గుభేలుమంటుంది. ఎందుకో చెబుతాను.

పాతికేళ్ల కిందటి మాట. కొండల దాపున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం. తెల్లవారుజామున ఒక కుటుంబం జీపులో వచ్చింది. రాత్రి కొండల్లో గుడి చూసి, అక్కడే మంటపంలో పడుకున్నారట. పద్నాలుగేళ్ల పిల్లవాడికి కడుపునొప్పి, రెండు వాంతులు. పొట్ట నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. ఏం తిన్నాడని అడిగాను. "మాతో పాటు చిత్రాన్నమే తిన్న్యాడు సార్, మేమంతా బాగానే ఉండాము" అంది తల్లి. గాస్ట్రబుల్ అని తేల్చేసి ఒక ఇంజెక్షను ఇచ్చి బెంచీమీద పడుకోబెట్టమన్నాను. గంట గడిచాక ఆయా వచ్చి, "సార్, ఆ పిల్లోడు కండ్లు తెరవల్యా, నిద్రపోతాండాడో ఏమో చూడండి" అంది.

అది నిద్ర కాదు. పిల్లవాడికి తెలివుంది, పిలిస్తే పలకబోతున్నాడు, నాలుక తిరగడం లేదు. రెప్పలు ఎత్తలేకపోతున్నాడు. అప్పుడు తట్టింది నాకు, కట్లపాము! ఒళ్లంతా వెదికినా కాటు కనపడలేదు. ఉన్న విషం విరుగుడు మందు ఎక్కించాను. అప్పటికి 108 బండ్లు లేవు. వాళ్ల జీపులోనే పడుకోబెట్టి, నోటిమీద మాస్కు పెట్టి, గాలిబుడ్డి నొక్కుతూ పెద్దాసుపత్రికి బయల్దేరాం. కాసేపు నేను, కాసేపు వాళ్ల నాన్న. దారిలో ఆయన చెయ్యి వణికిపోతూంటే "లెక్కపెట్టుకుంటూ నొక్కన్నా, ఆపొద్దు" అంటూ వచ్చాను. నాలుగు రోజులు శ్వాసయంత్రం మీద ఉండి బతికాడు. తల్లి నా కాళ్లకు దణ్ణం పెట్టింది. పోయిన ఆ గంట నా మూలంగా పోయిందని ఆమెకు తెలీదు.

కట్లపాము స్వభావం తెలిస్తే మీరు ఇలాటి ఆపద తప్పించుకోగలరు. పగలు అది కనపడదు. రాత్రిళ్లు కప్పలు, ఎలుకలు, చిన్న పాముల కోసం తిరుగుతుంది. కింద పడుకున్నవాళ్ల పక్కల్లోకి చేరుతుంది, నిద్రలో మనం దొర్లితే కరుస్తుంది. కోరలు సన్నవి, నొప్పి ఉండదు, వాపుండదు. చీమ కుట్టిందనుకుని మళ్లీ పడుకునేవాళ్లున్నారు. తెల్లవారేసరికి కడుపునొప్పి, తర్వాత రెప్పలు వాలడం, మింగలేకపోవడం, ఆఖరికి ఊపిరి తీసే కండరాలే పడిపోవడం. అంచేత, నేలమీద పడుకుని లేచిన మనిషికి కారణం తెలియని కడుపునొప్పి వచ్చి, రెప్పలు బరువుగా ఉన్నాయంటే పాముకాటేనని అనుమానించి పరుగెత్తండి. కాటు కనపడాలని చూడకండి. "రాత్రి కింద పడుకున్నాం" అని డాక్టరుకు మీరే చెప్పండి. ఆ మాట అడగడం మావాళ్లు మర్చిపోవచ్చు, నేను మర్చిపోయినట్టే.

వసతి గదిలో మంచం అడగండి. మంచాలు చాలకపోతే దోమతెర తీసుకెళ్లి, దాని అంచు నాలుగువైపులా పరుపు కిందికి దోపుకుని పడుకోండి. దోమలకే కాదు, పాముకూ అది అడ్డమే. మిగిలిన అన్నం గది దగ్గర పారెయ్యకండి. అన్నానికి ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. రాత్రి బయటికి వెళ్లాలంటే టార్చిలైటు, చెప్పులు ఉండాలి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి. మా ఆవిడ నన్ను, "మీతో విహారయాత్రకొస్తే ఆసుపత్రికొచ్చినట్టే ఉంటుంది" అని దెప్పుతుంది. దెప్పుతూనే దోమతెర తనే సర్దుతుంది లెండి.

పాము కరిస్తే కోయకండి, నోటితో పీల్చకండి, తాడుతో బిగించి కట్టకండి. బిగించిన కట్టు వల్ల చెయ్యో కాలో పాడైన వాళ్లను చాలామందిని చూశాను. ఉంగరాలు, గాజులు, కాలిపట్టీలు తీసెయ్యండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రబద్ద కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుపొండి. మంత్రగాడి గుమ్మం తొక్కొద్దు. విరుగుడు మందు ప్రభుత్వాసుపత్రుల్లో డబ్బు తీసుకోకుండా ఇస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి నాలుగింటికీ అదే మందు. పామును చంపి పట్టుకు రానక్కర్లేదు. పిల్లవాడికైనా పెద్దవాడికైనా మోతాదు ఒకటే, ఎందుకంటే పాము ఇద్దర్లోకీ దింపే విషం ఒకటే గదా. అడవిలో ఫోను అన్నిచోట్లా పనిచెయ్యదు. అంచేత బయల్దేరేముందే, దగ్గర్లో ఏ ఊళ్లో ఆసుపత్రి ఉందో, ఎంతసేపు పడుతుందో కాయితం మీద రాసుకోండి.

కోతులకు బిస్కట్లు ఇవ్వకండి. కరిచినా, గోరు గీరినా సబ్బుతో ధారగా 15 నిమిషాలు కడిగి, ఆరోజే పిచ్చికుక్క కాటుకిచ్చే టీకా మొదలుపెట్టించుకోవాలి.

ఇంటికొచ్చాక కూడా ఒక పని మిగిలుంటుంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికానని నల్లిజాతి పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. వెంటనే రాదు, వారం పదిరోజులకు, ఒక్కోసారి మూడు వారాలకు. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. చంకలోనో, గజ్జల్లోనో, మొలతాడు కిందనో ఉంటుంది గనక ఎవరూ చూసుకోరు. అక్కడ నొప్పి కూడా ఉండదు. డాక్సీసైక్లిన్ అనే చవక మందుకు లొంగిపోయే జ్వరం, ఆలస్యం చేస్తే ఊపిరితిత్తుల్నీ మూత్రపిండాల్నీ పట్టుకుంటుంది. మందు మీ అంతట మీరు కొనుక్కోకండి. అడవినుంచి వచ్చిన రోజే సబ్బుతో స్నానం చేసి, వేసుకున్న బట్టలు వేణ్ణీళ్లలో నానబెట్టండి. మూడు వారాల్లోపు జ్వరమొస్తే, డాక్టరు నాడి పట్టుకోకముందే చెప్పండి, తలకోన వెళ్లొచ్చామని.