గ్లవ్స్ వేసుకున్నా కదా!

ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్. మేం సీఎస్‌ఈ వాళ్లం, ఆ ల్యాబ్ మాకు రికార్డు మార్కుల కోసమే! గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో నీళ్లు పోయబోతుంటే అటెండరన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. "నీళ్లలో ఆసిడ్ పొయ్యాలి తమ్ముడూ. ఇట్లా పోస్తే మరిగి చిమ్ముతుంది." గ్లవ్స్ చూపించా. "మొహానికీ వేసుకున్నావా?" అన్నాడు.

ఆ రాత్రి హాస్టల్లో కారెన్ వెటర్‌హాన్ గురించి చదివాను. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్, విషలోహాల మీదే ఆమె పరిశోధన. 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ ఒకటో రెండో చుక్కలు ఆమె లేటెక్స్ గ్లవ్ మీద పడ్డాయి. అది లేటెక్స్‌లోంచి క్షణాల్లో దిగిపోతుందని తర్వాత పరీక్షిస్తేగానీ తెలియలేదు. నెలల తర్వాత మాట, నడక తడబడ్డాయి. 1997 జూన్‌లో చనిపోయారు.

నా రికార్డు తీశా. సీనియర్ దాంట్లోంచి ఎక్కించిన లైను: "గ్లవ్స్ ధరించవలెను." ఏ గ్లవ్స్ అన్నది అందులో లేదు.